శుక్రవారం బంతి ఎవరి చేతిలో ఉంది?

(మెంఫిస్‌లో మన తెలుగువాళ్ళ ఫిబ్రవరి కలయికలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. ముందు వరసలో కూర్చుంటే ప్రశ్నలు అడుగుతానని భయపడకండి. అడగను. అడిగినా మార్కులు వెయ్యను.

పోయిన నెల ఇక్కడే, టిఫిన్ల దగ్గర, బాబాయిగారు నన్ను పట్టుకున్నారు. "ఏమయ్యా, ఆ టోపీ పెట్టుకుని తిరుగుతుంటావు కదా, ఈసారి మీ కాలేజీ వాళ్ళు బేస్‌బాల్‌లో గెలుస్తారా, గెలవరా? ఒక్క ముక్కలో చెప్పు" అన్నారు. నేను మొదలుపెట్టాను. ఆయన రెండు ఇడ్లీలు తిన్నారు, కాఫీ తాగారు, నేనింకా ఉపోద్ఘాతంలోనే ఉన్నాను. పక్కనే ఉన్న వదినగారు "ఇదంతా వచ్చే నెల మైకులో చెప్పు, ఇప్పుడు ఆయన్ని వదిలెయ్" అన్నారు. అలా వచ్చిపడ్డాను మీ ముందుకి. కాబట్టి ఈ గంటలో విసుగొస్తే నన్ను కాదు, వదినగారిని అడగండి.

నేను బేస్‌బాల్ ఆడినవాణ్ణి కాదు. గుంటూరులో సందులో టెన్నిస్ బంతితో క్రికెట్ ఆడినవాణ్ణి. ఎమ్మెస్‌కి ఆక్స్‌ఫర్డ్ వచ్చాను. ఇంగ్లండులో ఉన్నది కాదండీ, మన కిందనే, మిసిసిపీలో ఉన్న ఆక్స్‌ఫర్డ్. ఇక్కణ్ణించి కారులో గంటన్నర. మా అమ్మ మాత్రం వీధిలో అందరికీ "మావాడు ఆక్స్‌ఫర్డ్‌లో చదువుతున్నాడు" అని చెప్పుకుంది. నేను సరిదిద్దలేదు. మీరైతే సరిదిద్దుతారా?

యూనివర్సిటీ ఆఫ్ మిసిసిపీ. ఇక్కడ అందరూ ఓల్ మిస్ అంటారు. వాళ్ళ గ్రౌండు పేరు స్వేజీ ఫీల్డ్. మొదటిసారి మ్యాచికి వెళ్ళినప్పుడు నేనూ నా రూమ్మేటూ కుడివైపు బౌండరీ అవతల, కుర్రాళ్ళు నిలబడే చోట చేరాం. చేతిలో పులిహోర డబ్బా. ఎందుకో ఆ పక్కన అందరి చేతుల్లోనూ నిండు గ్లాసులున్నాయి, ఎవరూ పెద్దగా తాగడం లేదు. ఏమిటి వీళ్ళు ఇంత నిగ్రహంగా ఉన్నారు అనుకున్నాను. మూడో ఇన్నింగ్స్‌లో (ఈ ఆటలో మ్యాచుకి తొమ్మిది ఉంటాయి) మనవాడొకడు హోమ్ రన్, అంటే మన సిక్సర్ లాంటిది, కొట్టాడు. అంతే, వందల గ్లాసులు ఒక్కసారి గాల్లోకి లేచాయి. అక్కడ అది ఆచారం, హోమ్ రన్ పడితే బీరు వాన కురవాలి. నా చొక్కా, నా జుట్టు, నా పులిహోర, అన్నీ తడిసిపోయాయి. బీరు కలిసిన పులిహోర ఎలా ఉంటుందో ఈ హాల్లో నాకొక్కడికే తెలుసు. ఆ రోజు నుంచి నేను ఆ టీము మనిషిని.

సరే, బాబాయిగారి ప్రశ్నకి వద్దాం. గెలుస్తారా? ఈ ప్రశ్న అడిగినప్పుడు మనం మామూలుగా ఏం చేస్తాం? ఫోను తీసి పాయింట్ల పట్టిక చూస్తాం. ఐపీఎల్ అయినా అంతే కదా? ఎన్నో స్థానం, ఎన్ని మ్యాచులు మిగిలాయి, ఎన్ని గెలవాలి. నేను చెప్పదలచుకున్నది ఏమిటంటే, పోటీ బిగుసుకున్నప్పుడు ఆ పట్టిక మనకి చాలా తక్కువ చెబుతుంది. అందులో కనపడేది నెల కిందటి సంగతి. అడగవలసిన ప్రశ్న వేరే ఉంది. శుక్రవారం బంతి ఎవరి చేతిలో ఉంది? శనివారం ఎవరి చేతిలో ఉంది? ఆదివారం అసలు ఎవరైనా మిగిలారా?

దీనికి ముందు మన కాన్ఫరెన్స్, అంటే తమలో తాము ఆడుకునే కాలేజీల గుంపు, సంగతి రెండు ముక్కలు. సౌత్‌ఈస్టర్న్ కాన్ఫరెన్స్, ఎస్ఈసీ. నేను చెప్పబోయే 2022లో 14 కాలేజీలు. తర్వాత టెక్సస్, ఓక్లహోమా వచ్చి చేరాక 16. మార్చి మధ్యలో మొదలై మే మూడో వారం దాకా పది వారాంతాలు, వారాంతానికి ఒకే ప్రత్యర్థితో మూడు మ్యాచులు. మొత్తం 30. ఈ 30లో ఒక్కటీ తేలిక మ్యాచు ఉండదు. ఎందుకంటారా? 2019 నుంచి 2025 దాకా దేశం మొత్తానికి కాలేజీ ఛాంపియన్ అయిన ప్రతి టీమూ ఈ ఒక్క కాన్ఫరెన్స్ నుంచే వచ్చింది. వాండర్‌బిల్ట్, మిసిసిపీ స్టేట్, ఓల్ మిస్, ఎల్ఎస్‌యూ, టెనసీ, మళ్ళీ ఎల్ఎస్‌యూ. 2020లో కరోనా వల్ల పోటీలే లేవు. అంటే మీరు ప్రతి వారాంతం ఆడేది ఒక మాజీ ఛాంపియన్‌తోనో, కాబోయే ఛాంపియన్‌తోనో.

ఇప్పుడు 2022 పట్టిక చూడండి. కాగితాలు పంచాను కదా, లేనివాళ్ళు పక్కవాళ్ళ దాంట్లో చూడండి. పైన టెనసీ, 25 గెలుపులు, 5 ఓటములు. అదొక వేరే లోకం, దాన్ని పక్కన పెట్టండి. తర్వాత టెక్సస్ ఎ అండ్ ఎమ్ 19, ఆర్కాన్సా 18, ఎల్ఎస్‌యూ 17. అడుగున మిజోరీ 10, మిసిసిపీ స్టేట్ 9. ఇక మధ్యలో ఉన్నవాళ్ళని చూడండి. ఆబర్న్ 16, ఫ్లారిడా 15, జార్జియా 15, వాండర్‌బిల్ట్ 14, మనవాళ్ళు 14, సౌత్ కెరొలైనా 13, అలబామా 12, కెంటకీ 12. ఎనిమిది టీములు, నాలుగు గెలుపుల తేడాలో. పది వారాలు ఆడి ఆడి, ఎనిమిది టీముల మధ్య తేడా నాలుగే నాలుగు గెలుపులు! సంక్రాంతికి ఊరెళ్ళే రోజు విజయవాడ బస్టాండులో ప్లాట్‌ఫారం మీద జనంలా ఉంటుంది. ఎవడు ఎక్కుతాడో, ఎవడు మిగిలిపోతాడో ఎవరూ చెప్పలేరు.

ఈ మధ్యలో ఉన్నవాళ్ళకి ఒక్కో గెలుపుకీ విలువ మారిపోతుంది. కాస్త పైకెళ్తే దేశంలో మొదటి 16 మందిలో పడి, జూన్ మొదటి వారం పోటీ సొంత గ్రౌండులోనే ఆడుకోవచ్చు. కాస్త కిందికొస్తే 64 టీముల జాతీయ పోటీలో చోటే ఉండదు. రెండు ఆదివారాల తేడా అది.

ఆదివారం అని ఎందుకంటున్నాను? ఇక్కడ కొంచెం ఓపిక పట్టండి, అసలు విషయం ఇదే.

క్రికెట్లో బుమ్రా టీ20లో నాలుగు ఓవర్లు, 24 బంతులు వేస్తాడు. రెండు మూడు రోజుల్లో మళ్ళీ వస్తాడు. బేస్‌బాల్‌లో మ్యాచ్ మొదలుపెట్టే పిచర్, అంటే మన బౌలరు లాంటివాడు, ఒక్క రోజే వంద బంతుల దాకా విసురుతాడు. ప్రతి బంతీ భుజం, మోచెయ్యి ఊడిపోయేంత బలంతో. మర్నాడు వాడికి దువ్వెన ఎత్తి తల దువ్వుకోవడం కూడా కష్టమే. ఐదారు రోజులు విశ్రాంతి కావాలి. అంటే శుక్రవారం వేసినవాడు శనివారం లేడు, ఆదివారం లేడు. వచ్చే శుక్రవారమే. కాబట్టి వారాంతానికి మూడు మ్యాచులు గెలవాలంటే మీకు ఒక బుమ్రా చాలడు, ముగ్గురు కావాలి.

శుక్రవారం అన్ని టీములకీ ఒక మంచివాడు ఉంటాడు. అటు మంచివాడు, ఇటు మంచివాడు, రెండు మూడు పరుగుల మ్యాచు. శనివారం కొంచెం తక్కువ. ఆదివారం చూడాలి మీరు! ఆదివారం పదకొండు పదిహేను స్కోర్లు నడుస్తాయి. బుల్‌పెన్ అంటారు, అంటే మధ్యలో దిగే పిచర్లు కూర్చునే చోటు. శుక్ర, శనివారాల్లో వాళ్ళని వాడేసి ఉంటే ఆదివారం అక్కడ మిగిలేది ఫస్టియర్ కుర్రాళ్ళూ, వాళ్ళ టెన్షనూ. పైగా మంగళవారమో బుధవారమో పక్క ఊరి కాలేజీతో ఒక మ్యాచ్ ఉంటుంది. దానికీ ఎవడో ఒకడు చెయ్యి తిప్పాలి.

డబ్బుంటే పది మంది మంచి పిచర్లని తెచ్చుకోవచ్చు కదా అని అడగొచ్చు. చాలా ఏళ్ళపాటు బేస్‌బాల్ టీము మొత్తానికి ఇవ్వదగ్గ స్కాలర్‌షిప్పులు 11.7. పదకొండు పాయింట్ ఏడు! ఒకడికి సగం, ఒకడికి పావు, ఒకడికి పుస్తకాల ఖర్చు, అలా కోసి పంచేవారు. 2025లో ఆ లెక్క మారి 34 మంది పరిమితి వచ్చింది. పిల్లల్ని బేస్‌బాల్ కోచింగులో చేర్పించిన తల్లిదండ్రులు ఇక్కడ ముగ్గురున్నారని నాకు తెలుసు, ఆ సంగతి మనం భోజనాల దగ్గర మాట్లాడుకుందాం. ఇప్పుడొద్దు.

2022కి వస్తాను. ఆ ఏడు ఓల్ మిస్ ఎలా మొదలైందో తెలుసా? మార్చిలో దేశంలోనే నంబర్ వన్. కెప్టెన్ టిమ్ ఎల్కో. ఈ అబ్బాయి అంతకు ముందు ఏడాది మోకాలి లిగమెంటు తెగిపోయినా ఆపరేషను వాయిదా వేసుకుని సీజను చివరిదాకా బ్యాటింగు చేశాడు. మోకాలికి కట్టు కట్టుకుని హోమ్ రన్లు కొట్టాడు. అటువంటివాడు కెప్టెన్. కోచ్ మైక్ బియాంకో 2001 నుంచి అక్కడే ఉన్నాడు. అన్నీ బాగున్నాయి. ఇక మనదే అనుకున్నాం.

మార్చి చివర టెనసీ ఆక్స్‌ఫర్డ్ వచ్చింది. మూడుకి మూడూ ఊడ్చుకుపోయింది. మన గడ్డ మీద! అక్కణ్ణించి జారుడు. ఒక వారం కొంచెం లేచారు, మళ్ళీ పడ్డారు. మే ఒకటో తారీఖుకి కాన్ఫరెన్స్‌లో 7 గెలుపులు, 14 ఓటములు. 21 మ్యాచుల్లో ఏడు. ఇంక మిగిలింది తొమ్మిది.

జనం ఏమన్నారు? ఏమంటారు, కోచ్‌ని మార్చాలన్నారు. ఇరవై ఏళ్ళుగా ఉన్నాడు, చాలన్నారు. నేనూ అన్నాను. దాచుకోవడం ఎందుకు, నేను అంతకంటే పెద్ద పనే చేశాను. మే మొదటి వారం మిజోరీతో మూడు మ్యాచులకీ నా దగ్గర టికెట్లున్నాయి. పట్టిక చూశాను, 7-14. ఇంక ఈ టీము కథ ముగిసింది అని మా ఆఫీసులో ఒకాయనకి మూడు రోజుల టికెట్లూ ఇచ్చేశాను. ఊరికే. కాఫీ కూడా ఇప్పించుకోలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. పట్టికలో 7-14 అని ఉన్న రోజున ఆ టీములో నిజంగా ఏం జరుగుతోంది? నేను పట్టిక చూశాను గానీ శుక్రవారం చూడలేదు. సీజను మొదట్లో శుక్రవారం వేసిన అబ్బాయి వేరు. తర్వాత వచ్చినవాడు డిలన్ డెలూషియా అని, ఫ్లారిడాలో రెండేళ్ళ జూనియర్ కాలేజీ నుంచి వచ్చినవాడు. మొదట్లో బుల్‌పెన్‌లో కూర్చుని ఎప్పుడు పిలిస్తే అప్పుడు వెళ్ళి వేసేవాడు. ఏప్రిల్ మధ్యకొచ్చేసరికి శుక్రవారం బంతి వాడి చేతిలో పెట్టారు. హంటర్ ఎలియట్ అని ఎడమచేతి కుర్రాడు, ఫస్టియర్, వాణ్ణి వారాంతంలోకి తెచ్చారు. శుక్రవారం కుదిరింది, శనివారం కుదిరింది. అప్పటికే కుదిరింది! కానీ అంతకు ముందు ఓడిపోయినవన్నీ పట్టికలోనే కూర్చుని ఉన్నాయి కదా. ఇల్లు రిపేరు అయిపోయింది, బయట రంగు మాత్రం పాతదే ఉంది. నేను రంగు చూసి వెనక్కి వచ్చేశాను.

మిజోరీని మూడుకి మూడూ గెలిచారు. నా టికెట్లతో మా ఆఫీసాయన మూడూ చూశాడు, బీరులో తడిశాడు, ఫోటోలు పంపాడు. తర్వాత బేటన్ రూజ్ వెళ్ళి ఎల్ఎస్‌యూని, వాళ్ళ సొంత గ్రౌండులో, మూడుకి మూడూ. 7-14 కాస్తా 13-14 అయింది. ఆఖరి వారం ఎ అండ్ ఎమ్ వచ్చి రెండు పట్టుకుపోయింది. 14-16. కాన్ఫరెన్స్ టోర్నమెంటుకి అలబామాలో హూవర్ వెళ్ళారు. మొదటి రోజే వాండర్‌బిల్ట్ చేతిలో 3-1. ఒక్క మ్యాచ్ ఆడి బస్సెక్కి వెనక్కి వచ్చేశారు. ఇంక వీళ్ళ చేతిలో ఏమీ లేదు. జాతీయ పోటీకి టీముల్ని ఎంచే కమిటీ ఏం చెబితే అది.

ఈ కమిటీ ఏం చూస్తుంది? ఆర్‌పీఐ అనే లెక్క ఒకటుంది. మీ గెలుపుల శాతానికి పావు వంతు విలువ. మీతో ఆడినవాళ్ళ గెలుపుల శాతానికి సగం. వాళ్ళతో ఆడినవాళ్ళకి మిగతా పావు. అంటే మీరు ఎంత గెలిచారన్నదానికంటే ఎవరితో ఆడారన్నదానికి ఎక్కువ బరువు. పైగా బయట గ్రౌండులో గెలిస్తే ఒక గెలుపు 1.3 కింద లెక్క, ఇంట్లో గెలిస్తే 0.7. మీకు అర్థమైందా ఎల్ఎస్‌యూ దగ్గర మూడు గెలవడం ఎంత పనిచేసిందో? మన ఎంసెట్‌లో ఇంటర్ మార్కుల వెయిటేజీ లాంటిది. ఆ వెయిటేజీ లెక్కలు వేసుకుని రాత్రుళ్ళు నిద్రపోనివాళ్ళు ఇక్కడ చాలామందే ఉన్నారు, మీకు వేరే చెప్పక్కర్లేదు.

మే 30, సోమవారం, మెమోరియల్ డే. 64 పేర్లు టీవీలో ఒక్కొక్కటే చదువుతున్నారు. ఓల్ మిస్ పేరు వచ్చింది. తర్వాత కమిటీ వాళ్ళే చెప్పారు, ఎంపికైనవాళ్ళలో ఆఖరిది ఇదేనని. ఆఖరి టీము! వీళ్ళ వెనకే తలుపు వేసేశారు. నార్త్ కెరొలైనా స్టేట్ బయట ఉండిపోయింది, తమ కాన్ఫరెన్స్ టోర్నమెంటు ఫైనల్ దాకా వెళ్ళిన టీము. వాళ్ళకి కోపం వచ్చింది. న్యాయమే కదా మరి? నేను వాళ్ళ చోట ఉంటే నేనూ తిట్టేవాణ్ణి.

ఇక జూన్. ఇది త్వరగా చెప్పేస్తాను, వదినగారు వాచీ చూస్తున్నారు. మయామీ పక్కన కోరల్ గేబుల్స్‌లో మూడు మ్యాచులు, మూడూ గెలుపే. ఆఖరిదాంట్లో అరిజోనా మీద 22-6, అందులో ఎల్కో ఒక్కడే మూడు హోమ్ రన్లు. తర్వాత హాటీస్‌బర్గ్‌లో సదరన్ మిస్ మీద 10-0, 5-0. రెండు రోజుల్లో అవతలివాళ్ళకి ఒక్క పరుగు లేదు. శుక్రవారం, శనివారం అని ఇందాకట్నించీ గొంతు చించుకుంటున్నాను కదా, అదిగో. అక్కణ్ణించి నెబ్రాస్కాలో ఓమహా. 64లో మిగిలిన ఎనిమిది టీములు ఆడే చోటు. కాలేజీ బేస్‌బాల్ వాళ్ళకి ఓమహా అంటే మనకి తిరుపతి. "ఓమహా వెళ్ళాం" అంటే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు. అక్కడ మిసిసిపీ జనం చేసిన హడావిడికి లెక్క కూడా ఉంది. స్టేడియం ఎదురుగా ఒక బార్లో జెల్లీలో మందు కలిపిన చిన్న చిన్న కప్పులు అమ్ముతారు, ఏ కాలేజీవాళ్ళు ఎన్ని కొన్నారో బోర్డు మీద రాస్తారు. మనవాళ్ళు 18,777 కొన్నారు. ఈ లెక్క మా ఆవిడకి తెలియదు. ఇప్పుడు తెలిసింది.

ఓమహాలో ఒక్క మ్యాచ్ మాత్రం నిదానంగా చెబుతాను. జూన్ 23, గురువారం. ఆర్కాన్సాతో. ఓడినవాడు ఇంటికి. ముందు రోజు ఇదే ఆర్కాన్సా చేతిలో 3-2 ఓడిపోయి వచ్చారు. బంతి డెలూషియా చేతికిచ్చారు. శనివారం ఆబర్న్ మీద వేసినవాడు, మధ్యలో నాలుగే రోజుల విశ్రాంతి. అవతల ఆర్కాన్సా తరఫున కానర్ నోలండ్, వాడూ తక్కువవాడు కాదు, ఎనిమిది ఇన్నింగ్స్ వేశాడు. మనకి వచ్చిన పరుగులు రెండంటే రెండు. ఎప్పుడు డెలూషియాని తీసేస్తారా, ఎవరిని పంపుతారా అని నేను ఏడో ఇన్నింగ్స్ నుంచి ఎదురుచూస్తున్నాను. ఏడు అయింది, వాడే. ఎనిమిది అయింది, వాడే. కెమెరా ఒకసారి కోచ్ మీదకి వెళ్ళింది, ఆయన చేతులు కట్టుకుని రెయిలింగుకి ఆనుకుని ఉన్నాడు, కదల్లేదు. తొమ్మిది, మళ్ళీ వాడే. మొత్తం 113 బంతులు. నాలుగు హిట్లు ఇచ్చాడు. గురి తప్పిన బంతులేసి ఒక్క మనిషినీ ఊరికే బేస్‌కి నడిపించలేదు. ఒక్క పరుగూ ఇవ్వలేదు. 2-0. మ్యాచ్ మొత్తం ఒక్కడే.

దాని గొప్ప ఎక్కడుందో చూడండి. వాడు తొమ్మిది ఇన్నింగ్స్ వెయ్యడంతో బుల్‌పెన్‌లో ఒక్కడి చెయ్యీ అరగలేదు. ఒక్కడిది కూడా! రెండు రోజుల తర్వాత ఓక్లహోమాతో ఫైనల్, మూడింట్లో రెండు గెలిస్తే కప్పు. డెలూషియా లేడు. ఎలియట్‌ని రెండో మ్యాచికి ఉంచారు. మరి మొదటి మ్యాచ్ ఎవరు వేస్తారు? మనం ఇందాక అనుకున్న ఆదివారం మనిషి, మూడోవాడు. జాక్ డాహర్టీ అనే కుర్రాడు వచ్చాడు. వచ్చి మొదటి ఐదు ఇన్నింగ్స్‌లో వచ్చిన 15 మందినీ వచ్చినవాణ్ణి వచ్చినట్టే వెనక్కి పంపాడు. ఒక్కడు బేస్ ఎక్కలేదు. ఆరో ఇన్నింగ్స్‌లో కాస్త తడబడ్డాడు. అప్పుడు చూస్తే బుల్‌పెన్ నిండా తాజా చేతులు. 10-3. గురువారం డెలూషియా వేసిన 113 బంతులు శనివారం పనికొచ్చాయన్నమాట.

రెండో మ్యాచ్, జూన్ 26, ఆదివారం. మన స్నేహితుల ఇంట్లో పాప పుట్టినరోజు. నేను భోజనాల బల్ల కింద ఫోను పెట్టుకుని చూస్తున్నాను. ఓక్లహోమా పిచర్ కేడ్ హార్టన్ 13 మందిని స్ట్రయికవుట్ చేశాడు, అంటే బంతి కొట్టనివ్వకుండానే ఔట్ చేశాడు, ఫైనల్స్‌లో అది రికార్డు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో 2-1 వెనకబడి ఉన్నాం. హార్టన్ దిగిపోయాడు. మనవాడు గొంజాలెజ్ సమం చేశాడు. తర్వాత ఏం జరిగింది? అవతలివాళ్ళ కొత్త పిచర్ బంతి గురి తప్పి, క్యాచర్‌కి అందకుండా పోయింది. వైల్డ్ పిచ్ అంటారు. మన భాషలో వైడు, పైన బైలు. మూడో బేస్‌లో ఉన్నవాడు పరిగెత్తుకొచ్చేశాడు. 3-2. ఇంకొకటి అలాగే పోయింది. 4-2. బ్యాటుతో కొట్టలేదండీ ఆ రెండు పరుగులూ! తొమ్మిదిలో బ్రాండన్ జాన్సన్ వచ్చి ముగ్గుర్ని ముగ్గుర్నీ స్ట్రయికవుట్. నేను కుర్చీలోంచి లేచి అరిచాను. సరిగ్గా అప్పుడే పాప కొవ్వొత్తులు ఆర్పుతోంది. అందరూ నేను కేకు కోసం అరిచాననుకున్నారు.

ఆఖరున లోపలికి అడుగుపెట్టిన టీము కప్పు ఎత్తింది. మరి ఇది విని, మధ్యలో ఉన్న ప్రతి టీముకీ అవకాశం ఉందని మీరు ఇంటికెళ్ళి చెబితే, నేను చెప్పింది మీకు సరిగ్గా చేరలేదన్నమాట. 25-5 టెనసీ సంగతి అడగండి. అదే ఏడు, ఆ టీము మొత్తం 66 మ్యాచుల్లో 57 గెలిచింది. సొంత ఊళ్ళో, మూడు మ్యాచుల పోటీలో, నోటర్ డేమ్ చేతిలో ఓడి ఓమహా కూడా వెళ్ళలేదు. 2021లో కప్పు గెలిచిన మిసిసిపీ స్టేట్ 2022లో 9-21, అడుగున. ఇక మనవాళ్ళు, కప్పు గెలిచిన మరుసటి ఏడు కాన్ఫరెన్స్‌లో ఎంత తెలుసా? 6-24! డెలూషియా ప్రొఫెషనల్ అయిపోయాడు, ఎలియట్ మోచెయ్యి పోయి ఆపరేషను చేయించుకున్నాడు. జెర్సీలు అవే, గ్రౌండు అదే, కోచ్ ఆయనే, బీరూ అదే. శుక్రవారం, శనివారం లేవు. అంతే. పోయిన ఏడాది, 2025లో, సీజనుకి ముందు దేశంలో నంబర్ వన్ అన్న ఎ అండ్ ఎమ్ కాన్ఫరెన్స్‌లో 11-19తో ముగించి, 64 మందిలో కూడా లేకుండా పోయింది.

ఇక్కడొకరు చెయ్యెత్తారు, ఆగండి. "2024 ఐపీఎల్‌లో బెంగళూరు మొదటి ఎనిమిదిలో ఏడు ఓడి, తర్వాత వరసగా ఆరు గెలిచి ప్లేఆఫ్‌కి వెళ్ళింది కదా, అదీ ఇదీ ఒకటేనా?" అంటున్నారు. కొంత ఒకటే. కానీ అక్కడ ఆరు గెలిచినా రన్‌రేటు కోసం లెక్కలు వేసుకుని కూర్చోవాల్సి వచ్చింది, ఎలిమినేటర్‌లో ఇంటికి వెళ్ళారు. పైగా మీరు హైదరాబాదు అభిమాని, నా నోటితో ఏదో అనిపించాలని చూస్తున్నారు. అనను.

బాబాయిగారూ, మీ ప్రశ్నకి జవాబు. ఫిబ్రవరిలో నేను చెప్పలేను. ఇప్పుడాడేవన్నీ కోచ్‌లు పిచర్లని అటూ ఇటూ మార్చి చూసుకునే మ్యాచులు, స్కోర్లు నమ్మకండి. మార్చి మధ్యలో కాన్ఫరెన్స్ మొదలయ్యాక మూడు వారాలు చూస్తాను. మూడు వారాలూ శుక్రవారం ఒకే కుర్రాడు వేశాడా? ఆరు ఇన్నింగ్స్ దాటాడా? ఆదివారం నాటికి బుల్‌పెన్‌లో ఎంతమంది నిలబడగలిగే స్థితిలో ఉన్నారు? ఈ మూడూ నోటుబుక్కులో రాసుకుంటాను, పట్టిక ఆఖర్న చూస్తాను. మూడూ బాగుంటే 7-14లో ఉన్నా మీకు ఫోను చేసి గెలుస్తారనే చెబుతాను. బాగుండకపోతే 14-7లో ఉన్నా చెప్పను. అప్పుడు మళ్ళీ ఇడ్లీ ప్లేటు ముందు పెట్టుకుని అడగండి.

మార్చిలో ఒక శుక్రవారం ఆక్స్‌ఫర్డ్ వెళ్తున్నాను. కారులో ముగ్గురికి చోటుంది. పాత బట్టలు వేసుకోండి, పులిహోర నేను తేను. నా టికెట్లు తీసుకున్న ఆఫీసాయన మొన్న మెసేజ్ పెట్టాడు. "ఈ ఏడు నీకు ఏ వారం ఆశ పోతుందో కాస్త ముందే చెప్పు, ఆ మూడు రోజులూ సెలవు పెట్టుకుంటాను" అని.